"యాక్సెప్టెడ్: ట్రూ" వచ్చింది, మరి బ్యాకప్ అయినట్టేనా? ఎలాస్టిక్‌సెర్చ్ స్నాప్‌షాట్ ఎర్రర్లు

పోయిన ఎపిసోడ్‌లో షార్డ్‌లు, రెప్లికాల గురించి మాట్లాడుకున్నాం. అది పెట్టినప్పటి నుంచి నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే అడుగుతున్నాయి. "అన్నా, స్నాప్‌షాట్ ఎర్రర్ వస్తోంది, ఏం చేయాలి?" ఇంకో రకం వాళ్ళు కూడా ఉన్నారు. "అన్నా, మాకు ఏ ఎర్రర్ రావట్లేదు, అంతా ఓకే" అంటారు. నిజం చెప్పాలంటే నాకు ఈ రెండో బ్యాచ్ గురించే భయం ఎక్కువ. ఎందుకో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు నిమిషాలు. మీరు ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరిచి సెర్చ్ బాక్స్‌లో "కాటన్ కుర్తా" అని కొట్టగానే రిజల్ట్స్ వస్తాయి కదా. చాలా కంపెనీల్లో ఆ సెర్చ్ వెనకాల ఎలాస్టిక్‌సెర్చ్ లాంటిది ఒకటి ఉంటుంది. 2010లో షే బనాన్ మొదటి వెర్షన్ రిలీజ్ చేశాడు, లోపల లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ నడుస్తుంది. పాఠ్యపుస్తకం చివర ఏ పదం ఏ పేజీలో ఉందో లిస్ట్ ఇస్తారు చూడండి, ఐడియా అదే, సైజు మాత్రం ఎన్నో రెట్లు. డేటా ఒక్క మెషీన్‌లో పట్టదు కాబట్టి ముక్కలు చేసి నాలుగైదు మెషీన్ల మీద పెడతారు. ముక్కని షార్డ్ అంటాం, మెషీన్‌ని నోడ్ అంటాం, మొత్తం కలిపితే క్లస్టర్. 2021లో దీని నుంచి విడిపోయి ఓపెన్‌సెర్చ్ అని ఇంకొకటి వచ్చింది. అది వాడేవాళ్ళకి కూడా ఇవాళ చెప్పేదాంట్లో చాలావరకు పనికొస్తుంది, ఆటోమేటిక్ షెడ్యూల్ ఫీచర్ ఒక్కటి వేరే పేరుతో ఉంటుంది.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది. "రెప్లికా ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?" రెప్లికా ఒక మెషీన్ పోతే కాపాడుతుంది. మీరు పొరపాటున ఇండెక్స్ డిలీట్ కొట్టారనుకోండి, రెప్లికా కూడా అదే క్షణంలో పోతుంది. చెప్పినమాట వినే బుద్ధిమంతుడు అది. ఇంకొందరు డేటా ఫోల్డర్‌ని అలాగే కాపీ చేసి పక్కన పెట్టుకుంటారు. నడుస్తున్న నోడ్ ఫోల్డర్ కాపీ చేస్తే ఫైళ్ళ మధ్య పొంతన ఉండదు. అలా కాపీ చేసింది బ్యాకప్ కాదని అఫీషియల్ డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. అంటే సపోర్ట్ ఉన్న దారి ఒక్కటే, స్నాప్‌షాట్.

స్నాప్‌షాట్ ఎలా పనిచేస్తుందో ఒక్కసారి బుర్రకి ఎక్కితే సగం ఎర్రర్లు వాటంతట అవే అర్థమవుతాయి. లూసీన్ డేటాని సెగ్మెంట్లు అనే ఫైళ్ళలో రాస్తుంది. ఒకసారి రాసిన సెగ్మెంట్‌ని మళ్ళీ మార్చదు. అందుకని మొదటి స్నాప్‌షాట్‌లో అన్ని ఫైళ్ళూ రిపాజిటరీకి, అంటే బ్యాకప్ పెట్టే చోటికి, వెళ్తాయి. రెండో రోజు కొత్తగా పుట్టిన సెగ్మెంట్లు మాత్రమే వెళ్తాయి. పాతవి ఆల్రెడీ అక్కడ ఉన్నాయి కాబట్టి "ఆ ఫైలే ఇది" అని రాసుకుంటుంది, అంతే.

మన ఊళ్ళో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ఇవాళ్టి పేజీలో "పాత బాకీ 14వ పేజీ చూడు" అని ఉంటుంది. 14వ పేజీ పాతది కదా అని ఎవరైనా చింపేస్తే? ఇవాళ్టి పేజీ చేతిలో ఉన్నా లెక్క తేలదు. ఈ 14వ పేజీ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, ఎర్రర్లలోకి వెళ్దాం. రిపాజిటరీ రిజిస్టర్ చేసేటప్పుడే వచ్చే మొదటి ఎర్రర్ ఇది. "లొకేషన్ డజంట్ మ్యాచ్ ఎనీ ఆఫ్ ది లొకేషన్స్ స్పెసిఫైడ్ బై పాత్ డాట్ రెపో". దీనికి పెద్ద కథ లేదు. షేర్డ్ ఫోల్డర్‌లో బ్యాకప్ పెట్టుకుంటున్నప్పుడు, ఆ ఫోల్డర్‌కి నేను అనుమతి ఇస్తున్నాను అని ఎలాస్టిక్‌సెర్చ్ డాట్ వైఎంఎల్ ఫైల్‌లో పాత్ డాట్ రెపో దగ్గర రాయాలి. ఒక్క నోడ్‌లో రాస్తే సరిపోదు, మాస్టర్ నోడ్‌లు, డేటా నోడ్‌లు అన్నింట్లో రాయాలి. ఇది నడుస్తుండగా మారే సెట్టింగ్ కాదు, రీస్టార్ట్ చేయాల్సిందే. ఒక్కో నోడ్ రీస్టార్ట్ చేసి, క్లస్టర్ మళ్ళీ గ్రీన్ అయ్యాకే పక్క నోడ్ ముట్టుకోండి. మూడూ ఒకేసారి రీస్టార్ట్ చేసి "అన్నా సైట్ డౌన్" అని నాకు మెసేజ్ పెట్టకండి.

రెండోదే అసలు తలనొప్పి. "రిపాజిటరీ వెరిఫికేషన్ ఎక్సెప్షన్". దీని మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దీనికి దొరికే సలహాల్లో చాలావరకు "777 పర్మిషన్ ఇచ్చెయ్" అనే ఉంటాయి.

వెరిఫికేషన్ అంటే ఏం చేస్తుంది? మాస్టర్ నోడ్ మీ రిపాజిటరీ ఫోల్డర్‌లోకి వెళ్ళి, "టెస్ట్స్" అని మొదలయ్యే పేరుతో ఒక చిన్న ఫోల్డర్ చేసి, అందులో ఒక ఫైల్ రాస్తుంది. ఆ తర్వాత మిగతా నోడ్‌లకి చెప్తుంది, "మీరు కూడా ఇక్కడ ఒక ఫైల్ రాయండి, నేను రాసింది చదవండి" అని. ప్రతి నోడ్ ముందు రాయడానికి ట్రై చేస్తుంది, తర్వాత మాస్టర్ రాసింది చదవడానికి ట్రై చేస్తుంది. రాయలేకపోతే ఒక మెసేజ్ వస్తుంది, చదవలేకపోతే ఇంకో మెసేజ్ వస్తుంది. మనం ఏం చేస్తాం? రెండింట్లోనూ ఎర్రటి అక్షరాలే కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం.

"స్టోర్ లొకేషన్ ఈజ్ నాట్ యాక్సెసిబుల్ ఆన్ ది నోడ్" అని వచ్చిందంటే ఆ నోడ్ అక్కడ రాయలేకపోయింది. చాలాసార్లు పర్మిషన్ సమస్య. "ఎ ఫైల్ రిటెన్ బై మాస్టర్ టు ది స్టోర్ కెనాట్ బి యాక్సెస్డ్ ఆన్ ది నోడ్" అని వచ్చిందంటే ఆ నోడ్ రాయగలిగింది, కానీ మాస్టర్ రాసిన ఫైల్ దానికి దొరకలేదు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఇద్దరూ ఒకే ఫోల్డర్‌లో రాస్తుంటే ఒకరి ఫైల్ ఇంకొకరికి ఎందుకు కనపడదు? అది ఒకే ఫోల్డర్ కాదు కాబట్టి. పేరు మాత్రమే ఒకటి. ఆ నోడ్‌లో ఎన్ఎఫ్ఎస్ మౌంట్ అవ్వలేదు, అదే పేరుతో లోకల్ డిస్క్‌లో ఖాళీ ఫోల్డర్ ఉంది, పాపం దాంట్లోకి రాసుకుంటోంది. మెషీన్ రీబూట్ అయ్యాక మౌంట్ తిరిగి రాకపోతే ఇదే జరుగుతుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఎంట్రీ ఉందో లేదో చూడండి.

ఈ ఎర్రర్ చిరాకు పెడుతోందని "వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్" పెట్టి రిజిస్టర్ చేసేవాళ్ళు ఉన్నారు. ఎర్రర్ మాయమవుతుంది, నిజమే. కానీ మౌంట్ లేని ఆ నోడ్ తన షార్డ్‌ల కాపీని షేర్డ్ ఫోల్డర్ బదులు సొంత డిస్క్‌లోకే రాసుకునే ప్రమాదం ఉంది, ముఖ్యంగా కొత్త ఇండెక్స్‌ల విషయంలో. స్నాప్‌షాట్ లిస్ట్ చూస్తే సక్సెస్ అనే కనపడొచ్చు. ఆ మెషీన్ పోయిన రోజు, దాన్ని కాపాడాల్సిన బ్యాకప్ కూడా దాంతోపాటే పోతుంది.

ఇప్పుడు పర్మిషన్ సమస్య సంగతి. వైజాగ్ నుంచి ఒక తమ్ముడు స్క్రీన్‌షాట్ పంపాడు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలట. మూడు నోడ్‌లు, ఒక ఎన్ఎఫ్ఎస్ షేర్. ఫోల్డర్‌కి 777 ఇచ్చాడు, ఇంకా ఎర్రర్. రెండు నోడ్‌లలో ఓకే, మూడో నోడ్‌లో మాత్రమే "నాట్ యాక్సెసిబుల్". రెండు రోజులుగా ఫైర్‌వాల్ వెతుకుతున్నాడు. స్క్రీన్‌షాట్‌లో ఎర్రర్ మొదటి మూడు లైన్లే ఉన్నాయి. నేను అడిగింది ఒక్కటే, "కింద 'కాజ్డ్ బై' అని ఉంటుంది, ఆఖరి కాజ్డ్ బై పంపు." అక్కడ ఉంది, యాక్సెస్ డినైడ్ ఎక్సెప్షన్ అని. జావా ఎర్రర్ చదివే పద్ధతి ఇదే అండీ. పై లైన్ ఏం ఆగిపోయిందో చెప్తుంది, ఎందుకు ఆగిందో అట్టడుగున ఉంటుంది. నెట్‌వర్క్ సమస్య అయితే అక్కడ టైమ్ అవుట్ అనో కనెక్షన్ అనో ఉండేది.

తర్వాత మూడు మెషీన్లలో "ఐడీ ఎలాస్టిక్‌సెర్చ్" అనే కమాండ్ కొట్టమన్నాను. మొదటి రెండింట్లో యూజర్ నంబర్ 998 వచ్చింది, మూడోదాంట్లో 996. ఇదే జబ్బు. మామూలు ఎన్ఎఫ్ఎస్ సెటప్‌లో పర్మిషన్ చూసేది యూజర్ పేరుతో కాదు, నంబర్‌తో. ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ మెషీన్‌లో ఖాళీగా ఉన్న నంబర్ ఇస్తారు. మూడో మెషీన్‌లో ఇంతకుముందే వేరే సాఫ్ట్‌వేర్లు ఏవో వేసి ఉన్నారు, అందుకని నంబర్ మారింది. మనకి కనపడేది ఒకే పేరు, ఎన్ఎఫ్ఎస్‌కి వాళ్ళు ఇద్దరు వేరు వేరు మనుషులు.

మరి 777 ఎందుకు పనిచేయలేదు? అతను ఇచ్చింది పైన ఉన్న ఫోల్డర్‌కి. మాస్టర్ లోపల కొత్తగా చేసే ప్రతి ఫోల్డర్ 998 పేరు మీద, మామూలు పర్మిషన్‌తో పుడుతుంది. ఓనర్ రాయొచ్చు, మిగతావాళ్ళు చదవొచ్చు, అంతే. వీధి గేటు తీసి పెట్టినా లోపల కొత్తగా కట్టే ప్రతి గదికీ తాళం పడుతున్నట్టు. రోజూ ఛ్‌మాడ్ కొడుతూ కూర్చోలేం కదా.

పరిష్కారం, నంబర్లు కలపడం. మూడో నోడ్‌లో సర్వీస్ ఆపి, యూజర్ నంబర్, గ్రూప్ నంబర్ 998కి మార్చి, డేటా ఫోల్డర్, లాగ్ ఫోల్డర్ ఓనర్‌ని, కాన్ఫిగ్ ఫోల్డర్ గ్రూప్‌ని కొత్త నంబర్‌కి సరిచేసి, సర్వీస్ స్టార్ట్ చేయాలి. ముందు ఆ మెషీన్‌లో 998 ఇంకెవరికైనా ఉందేమో చూసుకోండి. అప్పుడు రిపాజిటరీ పేరు తర్వాత "అండర్‌స్కోర్ వెరిఫై" అని పోస్ట్ కొడితే మూడు నోడ్‌ల పేర్లూ రావాలి. అతనికి వచ్చాయి. డాకర్‌లో నడిపేవాళ్ళకి ఈ బాధ తక్కువ, అఫీషియల్ ఇమేజ్‌లో యూజర్ నంబర్ 1000 అని ఫిక్స్ చేసి ఉంటుంది. కొన్ని నోడ్‌లు డాకర్‌లో, కొన్ని బయట ఉంటే మాత్రం మళ్ళీ మొదటికే వస్తుంది.

క్లౌడ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎస్3 బకెట్‌లో పెట్టుకునేవాళ్ళకి యూజర్ నంబర్ల గొడవ ఉండదు, దాని బదులు 403 యాక్సెస్ డినైడ్ ఉంటుంది. ఫైల్ పెట్టడానికి, తీయడానికి పర్మిషన్ ఇస్తారు, బకెట్‌ని లిస్ట్ చేసే పర్మిషన్, డిలీట్ చేసే పర్మిషన్ మర్చిపోతారు. సెక్యూరిటీ టీమ్ వాళ్ళు "బ్యాకప్‌కి డిలీట్ ఎందుకయ్యా" అని అడుగుతారు. ఎందుకంటే ఎలాస్టిక్‌సెర్చ్ పాత స్నాప్‌షాట్‌లు తీసేయాలన్నా, వెరిఫికేషన్ ఫైళ్ళు శుభ్రం చేసుకోవాలన్నా అది కావాలి. ఇంకోటి, యాక్సెస్ కీలు కీస్టోర్‌లో పెడుతున్నారంటే ప్రతి నోడ్‌లో పెట్టి, సెక్యూర్ సెట్టింగ్స్ రీలోడ్ చేయాలి. కీస్టోర్ నోడ్‌ల మధ్య దానంతటది కాపీ అవ్వదు. అన్నీ కరెక్టే అయినా ఫెయిల్ అవుతుంటే సర్వర్ గడియారం చూడండి. అమెజాన్ టైమ్‌కీ మీ మెషీన్ టైమ్‌కీ 15 నిమిషాలకి మించి తేడా ఉంటే రిక్వెస్ట్ తిప్పికొడుతుంది. పర్మిషన్లు తిరగేసి తిరగేసి ఆఖరికి గడియారం దగ్గర తేలిన కేసులు చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. "మాకు ఏ ఎర్రర్ రావట్లేదు" బ్యాచ్.

స్నాప్‌షాట్ తీయమని కమాండ్ కొడితే వెంటనే "యాక్సెప్టెడ్: ట్రూ" అని వస్తుంది. దాని అర్థం నీ అప్లికేషన్ తీసుకున్నాం అని. మీ సేవలో రసీదు ఇచ్చినట్టు. సర్టిఫికెట్ వచ్చిందని కాదు కదా! డిఫాల్ట్‌గా ఈ కమాండ్ పని పూర్తయ్యేదాకా ఆగదు, వెనకాల మొదలుపెట్టి మనకి జవాబు ఇచ్చేస్తుంది. ఫలితం తెలియాలంటే తర్వాత ఆ స్నాప్‌షాట్ పేరుతో గెట్ కొట్టి "స్టేట్" చూడాలి. అక్కడ సక్సెస్ ఉండొచ్చు, ఫెయిల్డ్ ఉండొచ్చు, ఇంకా నడుస్తుంటే ఇన్ ప్రోగ్రెస్ ఉండొచ్చు. లేదా పార్షియల్ ఉండొచ్చు.

ఈ పార్షియల్ వల్ల ఏం జరుగుతుందో నేను దగ్గర్నుంచి చూశాను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో ఒక కంపెనీ, పేరు వద్దు, వాళ్ళ క్లస్టర్ పనికి మా టీమ్‌ని పిలిచారు. అక్కడ రాత్రి పూట ఒక షెల్ స్క్రిప్ట్ స్నాప్‌షాట్ మొదలుపెట్టేది. జవాబులో 200 ఓకే వస్తే ఆఫీస్ చాట్ గ్రూప్‌లో "బ్యాకప్ సక్సెస్" అని గ్రీన్ టిక్ వేసేది. 30 రోజులు దాటిన స్నాప్‌షాట్‌లని అదే స్క్రిప్ట్ డిలీట్ చేసేది. చక్కగా రాసిన స్క్రిప్టే, చూస్తే తప్పు పట్టాలనిపించదు. స్నాప్‌షాట్ కమాండ్‌లో "పార్షియల్: ట్రూ" అని ఒక ఆప్షన్ ఉండేది. డిఫాల్ట్ ఫాల్స్. ఫాల్స్ అయితే ఒక్క ప్రైమరీ షార్డ్ అందుబాటులో లేకపోయినా స్నాప్‌షాట్ ఫెయిల్ అవుతుంది. ఎప్పుడో ఒకసారి అలా ఫెయిల్ అయితే ఎవరో ట్రూ పెట్టారు, ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఒక డేటా నోడ్ డిస్క్ పోయింది. ఖర్చు తగ్గించడానికి రెప్లికా సున్నా పెట్టిన ఇండెక్స్‌లు కొన్ని ఉన్నాయి వాళ్ళకి, వాటిలో ఒకదానికి ఐదు షార్డ్‌లు. అందులో ఒక షార్డ్ ఆ డిస్క్‌తో పోయింది. సెర్చ్ మాత్రం నడుస్తూనే ఉంది, ఎందుకంటే డాక్యుమెంట్లు ఐదు షార్డ్‌లలో చెదిరి ఉంటాయి. ఐదింట నాలుగు దొరుకుతుంటే వెంటనే ఎవరికీ అనుమానం రాదు. స్నాప్‌షాట్ రోజూ పార్షియల్. ఫెయిల్యూర్స్ లిస్ట్‌లో "ప్రైమరీ షార్డ్ ఈజ్ నాట్ అలొకేటెడ్" అని రోజూ రాస్తోంది. చాట్ గ్రూప్‌లో రోజూ గ్రీన్ టిక్. 30 రోజులు గడిచాయి. చివరి పూర్తి స్నాప్‌షాట్‌కి గడువు తీరింది, స్క్రిప్ట్ దాన్ని కూడా పద్ధతిగా డిలీట్ చేసింది.

తర్వాత ఒక కస్టమర్ "నా ఆర్డర్ కనపడట్లేదు" అని కంప్లైంట్ పెడితే, అప్పుడు రీస్టోర్ చేద్దామని వెళ్ళారు. మామూలుగా రీస్టోర్ కొడితే ఒప్పుకోలేదు, ఇండెక్స్ పూర్తిగా లేదంది. రీస్టోర్‌కి కూడా "పార్షియల్: ట్రూ" అనే ఆప్షన్ ఉంది. అది పెట్టారు. రీస్టోర్ అయింది, క్లస్టర్ గ్రీన్ అయింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ ఆప్షన్ ఏం చేస్తుందంటే, స్నాప్‌షాట్‌లో లేని షార్డ్‌ని ఖాళీగా పుట్టిస్తుంది. ఖాళీ షార్డ్ కూడా ఆరోగ్యంగా ఉన్న షార్డే, అందుకే గ్రీన్. ఐదో వంతు డేటా లేదు, కానీ ఇప్పుడు లేదని చెప్పే ఎర్ర లైట్ కూడా లేదు. ఆర్డర్ రికార్డులు మెయిన్ డేటాబేస్‌లో ఉన్నాయి కాబట్టి మళ్ళీ ఇండెక్స్ చేసుకోగలిగారు. మొదటి నుంచి ఎలాస్టిక్‌సెర్చ్‌లోకే వెళ్ళిన లాగ్స్ కూడా ఆ డిస్క్ మీద ఉన్నాయి. అవి మాత్రం తిరిగి రాలేదు.

అందుకని మీరు ఏ మానిటరింగ్ పెట్టినా, అలర్ట్ "ఫెయిల్డ్ అయితే" అని కాకుండా "సక్సెస్ కాకపోతే" అని పెట్టండి. పార్షియల్ కనపడితే ఫెయిల్యూర్స్ లిస్ట్‌లో ఇండెక్స్ పేరు, షార్డ్ నంబర్, కారణం ఉంటాయి. ప్రైమరీ అలొకేట్ అవ్వలేదని ఉంటే స్నాప్‌షాట్‌ని పక్కన పెట్టి ముందు ఆ షార్డ్ సంగతి చూడండి, "క్లస్టర్ అలొకేషన్ ఎక్స్‌ప్లెయిన్" అనే ఏపీఐ ఎందుకు పెట్టలేకపోతోందో వివరంగా చెప్తుంది. నోడ్ షట్‌డౌన్ అని ఉంటే స్నాప్‌షాట్ టైమ్‌లో ఎవరో రీస్టార్ట్ చేశారు, ఇంకోసారి తీస్తే సరిపోతుంది.

7.4 వెర్షన్ నుంచి ఎస్ఎల్ఎం అని స్నాప్‌షాట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్ వచ్చింది కాబట్టి షెల్ స్క్రిప్ట్ అవసరమే లేదు. చివరి సక్సెస్ ఎప్పుడు, చివరి ఫెయిల్యూర్ ఎప్పుడు, పాలసీ పేజీలోనే కనపడుతుంది. కొన్ని షార్డ్‌లు పోయినా దాన్ని ఫెయిల్యూర్ కిందే లెక్కేస్తుంది, అది నాకు బాగా నచ్చింది. రిటెన్షన్‌లో ఎన్ని రోజులు అని మాత్రమే కాకుండా "మిన్ కౌంట్" కూడా పెట్టండి, గడువు తీరినా కనీసం అన్ని స్నాప్‌షాట్‌లు ఉంచుతుంది. ఒక చిన్న తిరకాసు, ఎస్ఎల్ఎం షెడ్యూల్ యూటీసీలో ఉంటుంది. రాత్రి ఒంటిగంటన్నరకి అనుకుని 1:30 రాస్తే మనకి పొద్దున 7 గంటలకి నడుస్తుంది. "రాత్రి లాగ్స్‌లో ఏమీ లేదేంటి" అని వెతుక్కునేవాళ్ళలో కొందరి సమస్య ఇదే.

ఇప్పుడు 14వ పేజీ సంగతి. బిల్లు ఎక్కువ వస్తోందని ఎవరో ఒకరు ఎస్3 బకెట్ మీద లైఫ్‌సైకిల్ రూల్ పెడతారు, 90 రోజులు దాటిన ఫైళ్ళు డిలీట్ అని. వినడానికి బాగానే ఉంటుంది, పాత బ్యాకప్‌లు మనకెందుకు? కానీ నాలుగు నెలల కింద రాసిన సెగ్మెంట్ ఫైల్ మీద నిన్నటి స్నాప్‌షాట్ కూడా ఆధారపడి ఉంటుంది. రూల్ ఆ ఫైల్‌ని లేపేస్తే నిన్నటి స్నాప్‌షాట్ కూడా పోయినట్టే, లిస్ట్‌లో మాత్రం సక్సెస్ అనే ఉంటుంది. గ్లేసియర్‌కి మార్చే రూల్ పెట్టినా అదే గతి, అక్కడ ఉన్న ఫైల్‌ని ఎలాస్టిక్‌సెర్చ్ చదవలేదు. రిపాజిటరీలో డిలీట్ అనేది ఎలాస్టిక్‌సెర్చ్ ద్వారానే జరగాలి. ఏ ఫైల్‌ని ఇంకెవరు వాడుతున్నారో దానికే తెలుసు.

ఇలాంటిదే ఇంకోటి, ఒకే రిపాజిటరీలోకి రెండు క్లస్టర్లు రాయడం. ప్రొడక్షన్ డేటా స్టేజింగ్‌లో కావాలని అదే బకెట్‌ని స్టేజింగ్ క్లస్టర్‌లో కూడా రిజిస్టర్ చేస్తారు. అది తప్పు కాదు, స్టేజింగ్ వైపు "రీడ్‌ఓన్లీ: ట్రూ" పెడితే. పెట్టకపోతే రెండూ ఒకే ఖాతా పుస్తకంలో, ఒకరికి తెలియకుండా ఒకరు రాస్తాయి. "కాంకరెంట్ మాడిఫికేషన్" అనే మాట ఎర్రర్‌లో కనపడితే ముందు వెతకాల్సింది ఆ రెండో రచయితని. ఎవరో కనుక్కుని, వాళ్ళని రీడ్‌ఓన్లీ చేసి, ఆ తర్వాతే ప్రొడక్షన్‌లో రిపాజిటరీ తీసి మళ్ళీ రిజిస్టర్ చేయండి. రిజిస్ట్రేషన్ తీసేస్తే లోపల డేటా పోదు, కంగారు పడకండి. ముందు రిజిస్టర్ చేసి తర్వాత వెతుకుతాం అంటే మాత్రం రేపు మళ్ళీ ఇదే ఎర్రర్.

ఇక రీస్టోర్ టెస్ట్. "లైవ్ క్లస్టర్ మీద ట్రై చేయాలంటే భయం అన్నా" అంటారు. ఆ భయం మంచిదే. అదే పేరుతో ఓపెన్ ఇండెక్స్ ఉంటే రీస్టోర్ ఒప్పుకోదు, "యాన్ ఓపెన్ ఇండెక్స్ విత్ సేమ్ నేమ్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్" అంటుంది. దయచేసి ఈ ఎర్రర్ చూసి ఉన్న ఇండెక్స్‌ని డిలీట్ చేయకండి. రీనేమ్ ప్యాటర్న్, రీనేమ్ రీప్లేస్‌మెంట్ అని రెండు ఫీల్డ్‌లు ఉన్నాయి, ముందు "రీస్టోర్డ్" అని చేర్చి వేరే పేరుతో దింపుకోండి. రెప్లికా సున్నా పెట్టండి, డిస్క్ సగం మిగులుతుంది. గ్లోబల్ స్టేట్ ఫాల్స్. ఇంకా "ఇన్‌క్లూడ్ ఏలియసెస్: ఫాల్స్". ఇది మర్చిపోతే టెస్ట్ ఇండెక్స్ కూడా పాత ఏలియస్ కిందకి వచ్చి చేరుతుంది, మీ యాప్ ఆ ఏలియస్ మీద సెర్చ్ చేస్తుంటే కస్టమర్‌కి ప్రతి ప్రొడక్ట్ రెండుసార్లు కనపడుతుంది. టెస్ట్ చేద్దామని వెళ్ళి ప్రొడక్షన్ ఇష్యూ తెచ్చుకున్నట్టు.

రీస్టోర్ అయ్యాక గ్రీన్ చూసి ఆగకండి. రెండు ఇండెక్స్‌లకీ కౌంట్ కొట్టి నంబర్లు పోల్చండి. రాస్తూ ఉన్న ఇండెక్స్‌తో పోలిస్తే నంబర్లు ఎలాగూ కలవవు, అందుకే రాయడం ఆగిపోయిన ఇండెక్స్ తీసుకోండి, నిన్నటి తేదీతో ఉన్న లాగ్ ఇండెక్స్ లాంటిది. దాని స్నాప్‌షాట్ రాయడం ఆగాక తీసిందై ఉండాలి. అక్కడ ఒక్క డాక్యుమెంట్ తేడా వచ్చినా కారణం వెతకాల్సిందే. రీస్టోర్ చేసిన షార్డ్‌లు అన్‌అసైన్డ్‌గా ఆగిపోతే డిస్క్ చూడండి, డిఫాల్ట్ సెట్టింగ్‌లో 85 శాతం నిండిన నోడ్ మీద వాటిని పెట్టదు. వెర్షన్ కూడా చూసుకోండి. 8లో తీసిన స్నాప్‌షాట్‌ని 7లోకి దింపలేరు. 6లో పుట్టిన ఇండెక్స్ 8లోకి మామూలు ఇండెక్స్‌లా నేరుగా రాదు, మధ్యలో 7లో రీఇండెక్స్ చేయాలి. పాత స్నాప్‌షాట్‌లు దాచుకున్న కంపెనీలు అప్‌గ్రేడ్ అయ్యాక ఇక్కడే ఇరుక్కుంటాయి.

వైజాగ్ తమ్ముడు నిన్న మళ్ళీ మెసేజ్ పెట్టాడు. వెరిఫై అయింది, మొదటి స్నాప్‌షాట్ సక్సెస్ వచ్చింది, కౌంట్ మాత్రం కలవట్లేదట. ఏ ఇండెక్స్ అని అడిగితే, ఇంకా రాస్తున్నదే! నిన్నటిది తీసుకుని చూడమన్నాను, ఇంకా జవాబు రాలేదు. మీరు వాడే కమాండ్లన్నీ వీడియోలో స్క్రీన్ మీద ఉన్నాయి, పాజ్ చేసి రాసుకోండి. ఎర్రర్ పంపేవాళ్ళు పై మూడు లైన్లు కాకుండా ఆఖరి "కాజ్డ్ బై" దాకా మొత్తం పంపండి, పాస్‌వర్డ్‌లు, ఐపీ అడ్రస్‌లు చెరిపేసి. వచ్చే ఎపిసోడ్‌లో డిస్క్ వాటర్‌మార్క్‌లు చూద్దాం. ఉంటాను మరి, బై.